ఈగల మీద పగ

మొన్న పెద్దపల్లి విత్తనాల దుకాణంలో ఓ సీసా చూపించారు. పూత మీద చల్లితే తేనెటీగలు వస్తాయట. ఈగలను పిలవడానికి మందు! చేను వెతుక్కుంటూ వచ్చినవాటిని నిప్పుపెట్టి చంపిన మా పెదబాపు గుర్తొచ్చి ఒళ్లు మండింది.

పెదబాపు అంటే మా బాపుకు అన్న. ఆయన చేనూ మా మేనత్త చేనూ పక్కపక్కనే, మధ్యలో ఒక్క గట్టు. భర్త పోయాక అత్త సొంతంగా పొద్దుతిరుగుడు వేసింది. పంట చేతికొస్తే తన పొయ్యి తనది, లేకపోతే ఆ అన్న పంచన చేరి వదిన వడ్డించినప్పుడే తినాలి. పెదబాపుదీ అదే పంట, కానీ ఆలస్యంగా విత్తాడు. అత్త చేను పచ్చగా విరబూసేనాటికి ఆయనవి ఇంకా మొగ్గలే. ఆయన మామిడిచెట్టుకు పెద్ద తేనెపట్టు. పొద్దెక్కగానే ఈగలన్నీ ఆయన మొగ్గల మీదుగా ఎగిరి అత్త పూల మీద వాలేవి. అది ఆయనకు కడుపుమంట.

"నా చెట్టు మీద ఉండుకుంట దాని చేన్లకు పోతయా?" అన్నాడు.

అత్తకు నవ్వాగలేదు. "మొగ్గల ఏమున్నదని వస్తయే అన్నా? పువ్వు విచ్చుకుంటే పుప్పొడి ఉంటది, అడుగున తేనె ఉంటది. గా వాసనకు వస్తయి. నీయి పూసినంక నీ తానకే వస్తయి తియ్యి."

ఆ నవ్వే ఆయనకు గుచ్చుకుంది. ఆ సాయంత్రమే వెదురుకర్రకు గడ్డి చుట్టి, అంటించి, పట్టును కాల్చేశాడు. అంత కుళ్లు నేను మళ్లీ ఎవరిలోనూ చూడలేదు.

మర్నాటి నుంచి అత్త అరచేతికి పాతచీర పేలిక చుట్టుకుని, పసిపిల్ల మొహం తుడిచినట్టు ఒక్కో పువ్వునూ తుడుస్తూ పోయింది, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి అంటాలని. నేనూ తుడిచాను. మెడలు పట్టేశాయి. సగం పైగా గింజ పోసుకుంది. ఆమె పొయ్యి ఆమెకు దక్కింది.

తర్వాత పెదబాపు చేను పూసింది. ఒక్క ఈగ రాలేదు. "ఆడోళ్ల పని నేను చేస్తనా?" అని ఆయన పేలిక పట్టలేదు. చివరికి గింజలు నలిపి చూస్తే అన్నీ తాలే. అప్పుడు గట్టు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఇప్పుడేం చెయ్యాలె చెల్లె?"

"నన్నడుగుతవేందన్నా? నువ్వు కాలవెట్టిన ఈగలనడుగు," అంది అత్త, తల ఎత్తకుండానే.

మళ్లీ వాళ్లు మాట్లాడుకోలేదు. ఇద్దరూ పోయి చాలా ఏళ్లయింది. కాలం కోపాన్ని చల్లారుస్తుందంటారు; చల్లారాల్సిన వాళ్లను తీసుకుపోయి, కోపాన్ని మాత్రం నా దగ్గర వదిలేసింది.