నిదానమైన నెట్టు

గిద్దలూరు దగ్గర మా ఊళ్లోనే ఉండి హైదరాబాదు కంపెనీకి పనిచేస్తున్నానంటే, అది నా గొప్ప కాదు. మా ఊరి దిక్కుమాలిన సిగ్నల్ గొప్ప.

మా వెబ్‌సైటుకు పల్లెల్లోని ఫోన్లే పెద్ద తలనొప్పి. ఒక ఫోన్లో పేజీ చుక్కచుక్కగా దిగుతుంటే, అది పూర్తయ్యేదాకా సర్వర్ దాన్నే పట్టుకుని ఉంటుంది. భోజనాల బంతిలో వడ్డించేవాడు నిదానంగా తినే ఒక ముసలాయన ఆకు దగ్గరే నిలబడిపోయినట్టు. అందుకని సర్వర్ ముందు ప్రాక్సీ అని ఇంకొకదాన్ని పెట్టాం. అది పేజీని ఒక్క గుక్కలో తీసుకుని, నకలు దాచుకుని, నిదానపు ఫోన్లకు తనే అందిస్తుంది. ఎంతసేపు ఓపిక పట్టాలో దానికి మనం చెప్పాలి. తక్కువ చెబితే పేజీ సగంలో తెగుతుంది. అది తేల్చాలంటే నిజంగా నిదానమైన నెట్టు కావాలి.

"అలాంటిది మీ ఊళ్లోనే ఉంది. అక్కడే ఉండి చూడు" అన్నాడు మేనేజరు. నాకు పట్టరాని సంతోషం. అమ్మ చేతి సంగటి తింటూ జీతం తీసుకునే అదృష్టం ఎందరికుంటుంది?

తెర మీద గిరగిరా తిరిగే చక్రాన్ని చూస్తూ నేను గంటలు కూర్చుంటే, నెట్టు లేక నా పని ఆగిపోతోందని నాయన బాధపడేవాడు. ఆ సంగతి నాకు తెలియదు. మా చేను గట్టున గుంత తవ్వుతుంటే ఇంకో బోరు కాబోలు అనుకున్నాను. తీరా చూస్తే ఇనుప కమ్మీలు పైకి లేచాయి.

"ఏందిది నాయనా?"

"టవరు. ఫోన్ కంపెనీ వాళ్లు చోటు యెతుకుతుంటే మన చేన్లో పెట్టుకోమన్నా. ఇంక నీకు ఆ తిప్పలు లేవురా."

టవరు మొదలైన రోజు పేజీ నొక్కగానే ఎదుట దూకింది. నాకు ఏడుపొచ్చింది. ఇక హైదరాబాదుకు పెట్టె సర్దుకోవాల్సిందేనని నాయనకు అంతా చెప్పాను.

నాయన టవరు వైపు చెయ్యి చూపించాడు. "నెట్టు రాకుంటేనే నీకు ఉద్యోగమా?"

"అంతే నాయనా."

"ముందే చెప్పి సావొచ్చు గదరా. రేప్పొద్దున మేకల యెంబడి రా. ఆ కొండెనక సిగ్నలు సరిగా అందక నేను ఫోన్లో హలో హలో అని అరిచే చోటొకటుంది."

మరునాడు మేకలు చుట్టూ మేస్తుంటే, బండ మీద లాప్‌టాప్ తెరిచి పేజీ నొక్కాను. చక్రం తిరగడం మొదలైంది. నాయన కర్ర ఆనించుకుని నా భుజం మీదుగా తొంగిచూశాడు.

"వచ్చిందా?"

"ఇంకా రాలేదు నాయనా."

"మంచిది" అని, నేను సాయంత్రందాకా కూర్చోవడానికి బండ మీద తన దుప్పటి పరిచాడు.