వెలుతురుకి ఎత్తి చూసే పెద్దమ్మ

మా పెద్దమ్మ ఏ వస్తువునైనా, ఏ మనిషినైనా వెలుతురుకి పట్టి చూడకుండా నమ్మదు. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సర్టిఫికెట్లు అసలువో నకిలీవో తేల్చే పని ముప్ఫై రెండేళ్లు చేసింది. ఆమె ఉద్యోగాన్ని వదిలింది గానీ ఉద్యోగం ఆమెను వదల్లేదు. పాలగ్లాసు, కరెంటు బిల్లు, మందులచీటీ, ఏది చేతికొచ్చినా ముందు కిటికీ వైపు లేస్తుంది. ఆ తర్వాతే తాగడమో, కట్టడమో, మింగడమో.

మా అక్క తను చేసుకోబోయే అబ్బాయిని మొదటిసారి ఇంటికి తీసుకొచ్చిన రోజు పెద్దమ్మ, "బాబూ, కాస్త ఇలా కిటికీ దగ్గరికొచ్చి నిలబడతావా?" అంది. గాలి బాగా వస్తుంది కాబోలు అనుకుని పాపం నిలబడ్డాడు. రెండు నిమిషాలు ఎగాదిగా చూసి, "ఊఁ, అసలుదే" అంది. మా బావ ఇప్పటికీ ఆ కిటికీ దగ్గర కూర్చోడు.

మా కాలనీ పళ్ల డాక్టరుగారికి ఇంకా పెద్ద పరీక్ష. కుర్చీలో వెల్లకిలా పడుకుని, గోడకున్న ఫ్రేము వైపు వేలు చూపించింది.

"అది కాస్త దింపి ఇటివ్వండి."

"ముందు పన్ను చూద్దామండీ."

"మీరు నా పన్ను చూసే ముందు నేను మీ సీలు చూడాలి."

ఆయన కుర్చీ ఎక్కి ఫ్రేము దింపారు. పన్ను పీకడానికి ఐదు నిమిషాలు పట్టింది, సీలు చూడ్డానికి పావుగంట.

మా కాలనీలో చదువుకోని గేటు లేదు. ఇంటాయన పేరు ఒక వరసైతే డిగ్రీలు మూడు వరసలు. 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని రాయడానికి చోటు చాలక కొందరు కుక్కనే మానేశారు. ఇక్కడ అందరికీ అందరి మీదా అనుమానమే, కాకపోతే మర్యాదగా అనుమానిస్తారు. గుమ్మం ముందు చెప్పులు పోతే "ఎవరో పొరపాటున వేసుకెళ్లుంటారు లెండి" అని నవ్వేసి, మర్నాడు గుమ్మం మీద కెమెరా బిగిస్తారు. మా పెద్దమ్మకి ఆ నాజూకు లేదు. "నువ్వేనా?" అని మొహం మీదే అడుగుతుంది.

రెండేళ్ల కిందట కాలనీ లైబ్రరీకి కొత్త లైబ్రేరియన్ వచ్చారు. నలభై దాటిన నెమ్మదస్తుడు. లైబ్రరీ వెనక గదిలోనే, మంచాన ఉన్న తల్లితో కాపురం. దరఖాస్తులో ఎం.ఎ. సాహిత్యం అని ఉంది. కాగితం చూపించమనడం బాగుండదని కమిటీ అడగలేదు. అడగాల్సిన అవసరం కూడా కనిపించలేదు. నేను పుస్తకం అడిగితే, ఎన్నో పేజీ దగ్గర నాకు అర్థం కాకుండా పోతుందో ముందే చెప్పి ఇచ్చేవారు. సరిగ్గా ఆ పేజీలోనే ఆగిపోయేదాన్ని.

అలాంటాయన వెంట పడింది పెద్దమ్మ. గురువారం లైబ్రరీకి సెలవు. ప్రతి గురువారం మధ్యాహ్నం వెళ్లి, ఆయన బల్లకెదురుగా చేతులు కట్టుకుని మూడేసి గంటలు కూర్చునేది. ఆయన తల వంచుకుని ఏదో రాసుకుంటుంటే రెప్ప వేయకుండా చూసేది.

"అమ్మగారు సారుకి కాపలా కాస్తున్నారు" అని వాచ్‌మన్ నవ్వాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. "ఆయన్ని కూడా అనుమానించాలా పెద్దమ్మా?" అన్నాను.

"అనుమానించదగ్గ మనిషినే అనుమానిస్తానే నేను" అంది.

పోయిన నెల ఎవరింటికో వచ్చిన చుట్టం ఆయన్ని గుర్తుపట్టాడు. ఇద్దరూ ఒకే కాలేజీ. 'ఈయన ఎం.ఎ. పూర్తి చేయలేదే!' అన్న మాట సాయంత్రానికల్లా కాలనీ చుట్టొచ్చింది. "నేను నమ్మలేదనుకోండి, కానీ..." అంటూ ఒక్కొక్కరూ పక్కింటికి అందించారు. ఆదివారం లైబ్రరీలోనే సమావేశం పెట్టారు. ఉద్యోగం పోతే గదీ పోతుంది. తల్లి మంచం ఎక్కడికి మోసుకెళ్లాలో ఆయనకి తెలియదు.

"తప్పు నాదేనండి" అన్నారాయన, లేచి నిలబడి. "ఆఖరి పరీక్షలప్పుడు అమ్మకి పక్షవాతం వచ్చింది. రాయలేకపోయాను. దరఖాస్తులో అలా పెట్టి ఉండకూడదు."

"ఇది విద్యావంతుల కాలనీ" అన్నారు ప్రెసిడెంటుగారు. ఆయన గేటు మీద డిగ్రీలు నాలుగు వరసలు. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగారు. "మేడమ్, మా అందరినీ పట్టి పట్టి చూస్తారు కదా, ఈయన్నెలా వదిలేశారండీ?"

"ఎవరు వదిలారు? వచ్చిన వారానికే పట్టుకున్నా."

గదిలో గోల లేచింది. "మరి చెప్పలేదేం?"

"పట్టుకోవడం నా పని. చాటింపు నా పని కాదు. తప్పు దొరికితే దిద్దించాలి. మిగిలిన నాలుగు పేపర్లకీ దరఖాస్తు పెట్టించా. గురువారం గురువారం ఇక్కడే ప్రశ్నపత్రం ఇచ్చి రాయించా. కాపీ కొడతాడేమోనని కదలకుండా కూర్చున్నా."

"నా జేబురుమాలు కూడా కిటికీ దగ్గర పట్టి చూశారండీ" అన్నారు లైబ్రేరియన్ మెల్లగా.

"చూడనా మరి? పోయిన నెల అసలు పరీక్షలు రాసొచ్చాడు. ఫలితాలు వచ్చేదాకా ఆగండి."

ప్రెసిడెంటుగారు తల అడ్డంగా ఊపారు. "చదువు విషయంలో మాత్రం రాజీ కుదరదు మేడమ్."

"మంచిమాట" అంది పెద్దమ్మ. "ముప్ఫై రెండేళ్లు ఆ సెక్షన్‌లో పనిచేశా. ఈ గదిలో కూర్చున్నవాళ్లలో కూడా నేను కాగితం చూసినవాళ్లున్నారు. చెప్పమంటారా?"

అని ఒక్కొక్క మొహాన్నీ తీరిగ్గా చూడటం మొదలుపెట్టింది.

ప్రెసిడెంటుగారు గ్లాసెడు నీళ్లు గుక్క తిప్పుకోకుండా తాగేశారు. సెక్రటరీగారికి పొలమారింది. ముందు వరసలో ఒకావిడకి స్టవ్ ఆర్పలేదని గుర్తొచ్చింది. పళ్ల డాక్టరుగారొక్కరే కాళ్లు చాపుకుని నిశ్చింతగా కూర్చున్నారు.

"ఫలితాలు వచ్చేదాకా ఆగడంలో తప్పేముందండీ?" అన్నారు ప్రెసిడెంటుగారు. "మనిషన్నాక కష్టాలుంటాయి." అందరూ ఒక్కసారిగా ఔనన్నారు. మా కాలనీలో ఏకగ్రీవం నేను చూడటం అదే మొదలు.

ఇంటికి నడుస్తూ ఉండబట్టలేక అడిగాను. "పెద్దమ్మా, ప్రెసిడెంటుగారి డిగ్రీలో ఏముంది?"

"నాకేం తెలుసే? ఆయన కాగితం నేనెప్పుడు చూశాను?"

"మరి చూశానన్నావు?"

"పళ్ల డాక్టరుది చూశాగా! చెప్పమంటే అదే చెప్పేదాన్ని. సీలు శుభ్రంగా ఉంది."

నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాను. పెద్దమ్మ నాలుగడుగులు వేసి ఠక్కున ఆగింది.

"అవునే, అంతమందిలో ఒక్కరూ 'చెప్పండి' అనలేదేం?" అంటూ వెనక్కి తిరిగింది.

ఆమెను ఇంటికి లాక్కురావడానికి నా తల ప్రాణం తోక్కొచ్చింది.