అత్తకు నేర్పిన నడక

నా చిన్నప్పుడు మా ఇంట్లో నన్నెవరూ పేరు పెట్టి తిట్టేవారు కాదు. అది చనిపోయిన మా మేనత్త పేరు. నేను పుట్టకముందే జ్వరమొచ్చి పోయిందట. ఆవిడకు కుడికాలు కుంటి. నేను నడక మొదలుపెట్టగానే అదే కాలు, అదే కుంటు! ఇంకేముంది, కూతురే తిరిగొచ్చిందని మా అవ్వ మురిసిపోయింది. ఎమ్మిగనూరు పక్కన మా పల్లెలో అందరిదీ అదే మాట. పుట్టుకతోనే నా తుంటి కీలు తప్పి ఉందని ఒక్కరికైనా తోచలేదు. అత్త గుర్తుగా వచ్చిన కుంటును వైద్యం చేయించి పోగొట్టుకుంటారా ఎవరైనా?

బడికి పోయే వయసులో నొప్పి మొదలైంది. మా నాయన ఆదోనిలో డాక్టరుకు చూపించి, ఆయన చెప్పిన పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేయించాడు. ఎముక కోసి, కీలు సరిచేసి, రొమ్ము నుంచి పాదం దాకా పిండికట్టు వేశారు. అది విప్పాక అక్కడి డాక్టరు గట్టిగా చెప్పాడు, ఆలస్యంగా చేసిన ఆపరేషన్ ఇది, పిల్ల సరిగ్గా నడిచి కండకు బలం తెచ్చుకుంటేనే నిలుస్తుందని.

ఇంటికొచ్చాక ఒక మధ్యాహ్నం అందరూ చేనికి పోయారు. అవ్వ వాకిట్లో శెనక్కాయలు ఒలుస్తోంది. నేను లోపల గోడ పట్టుకుని నడుస్తున్నాను. వెనక బండల మీద ఎవరో నడుస్తున్న చప్పుడు. ఒక అడుగు గట్టిగా, ఒకటి ఈడ్చుకుంటూ. నేను ఆగితే అదీ ఆగింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు. నా కాల్లోంచి అత్తను వెళ్ళగొట్టేశారు, పాపం ఇకెక్కడుంటుంది అనిపించింది. ఆ రోజు నుంచి కావాలనే కుంటడం మొదలుపెట్టాను. కుంటితే వెనక చప్పుడు వేరుగా వినిపించేది కాదు.

అవ్వ కనిపెట్టి అడిగింది. ఉన్నదంతా చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా వెనక ఖాళీ గదిలోకి చాలాసేపు చూసింది.

"మీ అత్తకు కోపం ల్యాదమ్మా," అంది నెమ్మదిగా. "బతికినన్ని దినాలు సక్కగ నడిసిందే ల్యాకపాయ. ఇప్పుడు నిన్ను సూసి నేర్సుకుంటాంది. నువ్వు కుంటితే ఆమె గూడా కుంటుతాది. ఇంగెవురుండారు ఆమెకు? నువ్వే నేర్పల్ల."

ఇక చూడండి నా పట్టుదల! నొప్పికి కళ్ళనీళ్ళు కారినా మడమ పూర్తిగా ఆనించి నడిచాను. వెనక ఈడ్పు వినిపిస్తూనే ఉండేది. ఒక రోజు వెనక కూడా రెండడుగులూ సమంగా పడ్డాయి. వాకిట్లో అవ్వ చేట పక్కన పెట్టి చెవి ఒగ్గింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమె విన్నది నా అడుగులనో, ఇంకెవరి అడుగులనో, నేనెప్పుడూ అడగలేదు.

ఆ కాలు నన్ను బాగానే మోసింది. పత్తి చేలల్లో తిరిగాను, ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని పెంచాను. ఇప్పుడు అరవై దాటాను. తుంటి అరిగిపోయింది. అంత ఆలస్యంగా సరిచేసిన కీలు ఇన్నేళ్ళు నిలవడమే గొప్ప, ఇక మార్చక తప్పదని డాక్టరు చెప్పాడు. ఈ మధ్య నా నడక మళ్ళీ కుంటు పడింది. నా వెనక నడక కూడా.

ఆపరేషనంటే భయపడుతున్నానని పిల్లలు అనుకుంటున్నారు. నాకెందుకు భయం? రోజు ఖాయం చేసుకుని వచ్చాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు పైకే చెప్పాను.

"ఇంకొంచెం ఓర్సుకో అత్తా. మళ్ళా నేర్సుకుందాం."