రాయి మీద ఒక్క మాట

మా నాయన రాయి మీద తప్ప దేని మీదా రాయడు. బ్యాంకుకు పోయినా వేలిముద్రే వేస్తాడు. అక్షరాలు రాక కాదు, కాగితం మీద రాసింది నిలవదని ఆయన నమ్మకం. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని నలభై ఏళ్లుగా నందులు చెక్కుతున్నాడు. దేవుళ్లు కావాలన్నా, నాయకులు కావాలన్నా పక్క షెడ్డు చూపిస్తాడు. కాళ్లు మడుచుకుని కూర్చున్న నంది ఒక్కటే ఆయన పని.

అలాంటి మనిషి, నేను నంద్యాలలో ఒక గది అద్దెకు తీసుకుని పాటల పని మొదలుపెడుతున్నానని తెలిసిన రోజు, తనంతట తానే నోరు విప్పాడు.

"ఫ్లెక్సీ కట్టించాకు. రెండెండలకు ఎలిసిపోతాది. నేనే రాతి బోర్డు చెక్కి ఇస్తా."

అప్పటిదాకా నా పని గురించి ఆయన మంచీ అనలేదు, చెడూ అనలేదు. షెడ్డుకు వచ్చినవాళ్లు టీ తాగుతూ "మీ చిన్నోడు ఏం చేస్తాండాడప్పా?" అని అడిగితే "ఉండాడు" అనేవాడు. అంతే. ఏం చేస్తున్నాడని అడిగితే ఉన్నాడు అనడం జవాబు కాదు కదా! అయినా ఎవరూ రెండోసారి అడిగేవారు కాదు. పాలివ్వని బర్రె గురించి అడిగినా మా వైపు అదే గొంతుతో అదే మాట చెబుతారు. పక్కనే నిలబడి విని, ఖాళీ టీ గ్లాసులు ఏరుకుని బయటికి పోయేవాణ్ని. అందుకే ఆ బోర్డు మీద నాకు అంత ఆశ పుట్టింది. ఆయన ఉలితో నా పని పేరు చెక్కితే నా బతుక్కి ముద్ర పడినట్టే అనుకున్నాను.

నంది పీఠం కోయగా మిగిలిన నల్లరాయి ముక్క ఒకటి తీశాడు. మోచేతి పొడవు ఉంది. సుత్తితో తట్టి చూసి పక్కన పెట్టాడు.

"దీంట్లో ఒక్క మాటే పడతాది. నీ పనేందో ఒక్క మాటలో చెప్పు, చెక్కుతా. ఆలోచించుకోని చెప్పు. తప్పు కొట్నామంటే రాయి మళ్ల రాదు."

ఆ ఒక్క మాట కోసం రెండేళ్లు వెతికాను.

నా ఇబ్బంది ఏమిటంటే, నాకు ఏ వాయిద్యమూ పూర్తిగా రాదు, అన్నీ కొంచెం కొంచెం వస్తాయి. గురువు లేడు. నాయన రాయి కొనేముందు సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. గంటలా మోగితే మంచి రాయి, మొద్దుగా పలికితే లోపల పగులు. నన్నూ పిలిచి వినమనేవాడు. నాకున్న శ్రుతి జ్ఞానమంతా ఆ బండల దగ్గర అబ్బిందే. తర్వాత తిరునాళ్లలో కొనిచ్చిన బొమ్మ కీబోర్డు మీద పాటలు పట్టుకున్నాను. దాంట్లో ఒక మెట్టు పలకదు. ఆ స్వరం రావలసిన చోట ఊరికే ఉండలేక చిన్నగా దగ్గేవాణ్ని. పెద్దయ్యాక మంచి కీబోర్డు కొన్నాను కానీ దగ్గు పోలేదు. ఒక పెండ్లిలో పెండ్లికూతురి మేనమామ పాట మధ్యలో చెంబుతో నీళ్లు తెచ్చి నా పక్కన నిలబడ్డాడు. నన్ను చూసి నేర్చుకున్న ఇంకో బ్యాండు ఆయన ఇప్పటికీ సరిగ్గా అక్కడే దగ్గుతాడు. అది నంద్యాల పద్ధతి అని ఎవరికో చెప్పాడట కూడా.

కీబోర్డు ఒక్కటే అయితే "కీబోర్డు" అని చెక్కించుకుని ఊరుకునేవాణ్ని. భజన బృందాల హార్మోనియాలు బాగు చేస్తాను. డోలక్ వాయిస్తాను. బడి పిల్లల డాన్సులకు పాటలు కత్తిరిస్తాను. ఉల్లిగడ్డల ఆటోకు, పాత ఇనుము ఆటోకు, ఉప్పు బండికి గొంతు నాదే. నిద్ర లేచేసరికి కిటికీ బయట నేనే "ఉప్పో" అని అరుస్తూ పోతుంటాను.

మొదట "సంగీతం" అనే మాటతో ఆళ్లగడ్డ పోయాను. నాయన ఉలి ఆపకుండానే విన్నాడు.

"మొన్న ఎలుకల మందుకు గొంతిచ్చినావంట గదా. అది సంగీతమా?"

"దాంట్లో కూడా రాగముంది నాయనా."

"ఎలుకలు రాగానికి చచ్చినాయా, మందుకు చచ్చినాయా?"

టీ తాగి బస్సెక్కాను.

తర్వాతి మాట "కళాకారుడు". దీని బలం చూద్దామని ముందు నాయనకు తెలియకుండా చిన్న ఫ్లెక్సీ కట్టించాను. మా ఊరి మీద ప్రేమ కొద్దీ కింద ఆళ్లగడ్డ అని వేయించాను. కొంప ముంచింది అదే, ఆళ్లగడ్డ అంటే జనానికి రాతి విగ్రహాలే గుర్తొస్తాయి. మూడో రోజు ప్యాపిలి నుంచి ఒక రైతు వాళ్ల తాత ఫోటో పట్టుకుని వచ్చాడు, విగ్రహం చేసిపెట్టమని. నేను రాళ్ల మనిషిని కాదు, పాటల మనిషిని అని చెప్పాను.

"ఆళ్లగడ్డ కళాకారుడు అని రాసుకోని రాళ్లు రావంటే ఎట్లప్పా? ఎవురైనా నవ్వుతారు," అన్నాడు.

ఎంత చెప్పినా, బేరం పెంచడానికి బెట్టు చేస్తున్నానని అనుకున్నాడు. చివరికి ఆయన్ను నాయన దగ్గరికి పంపాను, నాయన పక్క షెడ్డుకు పంపాడు. విగ్రహం అయింది. ఆవిష్కరణకు తాత మీద పాట నేనే కట్టి పాడాను. చప్పట్లు కొట్టి, విగ్రహం చెక్కింది కూడా నేనే అనుకుని నాకు శాలువా కప్పారు. నేను కాదంటుంటే, వినయం అనుకుని ఇంకో శాలువా తెచ్చారు. నిజంగా చెక్కినాయన జనంలో వెనక నిలబడి బూందీ తింటున్నాడు. రెండు శాలువాలూ ఆయనకే ఇచ్చి వచ్చాను.

ఆ తర్వాత ఏ మాట తీసుకుని పోదామా అని ఆలోచిస్తుండగా ఉయ్యాలవాడ వైపు ఒక ఊళ్లో సర్పంచి ఎన్నికలు వచ్చాయి. పోటీలో ఉన్న ఇద్దరు ఒకరికి తెలియకుండా ఒకరు నా దగ్గరికే వచ్చి ప్రచారానికి పాట కావాలన్నారు. ఇద్దరికీ మరుసటి రోజుకే కావాలి. ఉన్న సమయంలో ఒక్క బాణీయే తట్టింది. పేర్లు, గుర్తులు మార్చి ఇద్దరికీ ఇచ్చేశాను. సందులో ఆ ఇద్దరి ప్రచారపు ఆటోలూ ఎదురెదురుగా వచ్చి ఆగిపోయాయి. ఎవరూ వెనక్కి పోనంటున్నారు. రెండు పాటలూ తాళం తప్పకుండా కలిసిపోయి మోగుతుంటే ఆడవాళ్లు కోలాటం మొదలుపెట్టారు. ఓట్లు మాత్రం, పాటే లేని మూడో ఆయనకు పడ్డాయి. ఈ సంగతి నాకంటే ముందు ఆళ్లగడ్డ చేరింది.

"'ద్రోహి' అని కొట్టమంటావా?" అన్నాడు నాయన. "రెండే అచ్చరాలు. బాగా పడతాది."

షెడ్డులో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన మాత్రం రాయి ముక్కను కాలితో మూలకు జరిపాడు. బస్సులో కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది. బోర్డు ఇక రాదని అనుకున్నాను.

పోయిన వేసవిలో నాయన కట్టింగ్ మెషిన్ బ్లేడు కోసం నంద్యాల వచ్చాడు. నా గదికి రావడం అదే మొదటిసారి. అదే రోజు కోయిలకుంట్లలో ఒక శనగల గోడౌన్ ప్రారంభం ఉంది. వాయించవలసిన సన్నాయి ఆయన పన్ను పీకించుకున్నాడట, బదులుగా నన్ను రమ్మన్నారు. గంటలో వస్తాను, కూర్చో నాయనా అని చెప్పి పోయాను. ముఖ్య అతిథి ఆలస్యం చేశాడు. నేను వచ్చేసరికి పొద్దు వాలింది.

బస్సు దిగి నడుస్తుంటే ఎదురుగా కోడిగుడ్ల ఆటో వచ్చింది. దాని మైకులోంచి మా నాయన మాట్లాడుతున్నాడు.

"గుడ్లు. కోడిగుడ్లు. కావాల్సినోళ్లు రాండి. అక్కర లేనోళ్లు ఊరికే తలుపులు తీయాకండి."

ఎండదెబ్బ తగిలిందేమో అనుకుని అరుగు మీద కూర్చున్నాను. ఆటో చుట్టూ జనం ఉన్నారు. నా గొంతుకు ఏనాడూ అంతమంది రాలేదు.

గదికి పోయేసరికి నాయన ఆళ్లగడ్డ బస్సుకు వెళ్లిపోయాడు. జరిగిందంతా పక్క గదిలో మైకుసెట్లు అద్దెకిచ్చే భాయ్ చెప్పాడు. పొద్దుటి నుంచి వచ్చిన ప్రతివాళ్లూ గడపలో నిలబడి "ఉండాడా?" అని అడిగారట. నాయన "ల్యాడు" అన్నాడట. హార్మోనియంలో ఎలుక పిల్లలు పెట్టిందని ఒకరు. నాగుపాము డాన్సు పాట మూడు నిమిషాలకు తగ్గించాలని ఒక టీచరమ్మ. తన గురక రికార్డు చేసి, గురక పెడతానన్న భార్య మాట అబద్ధమని నిరూపించాలని ఒకాయన. అందరికీ అదే జవాబు. గుడ్లాయన ఆటోలో పాత రికార్డు చెరిగిపోయి పని ఆగిందని వేడుకుంటే, భాయ్ మైకు పెట్టాడు, నాయన మాట్లాడాడు.

"మధ్యాన్నం ఒకామె వచ్చింది తమ్ముడూ," అన్నాడు భాయ్. "ఆమె పని మీద రాలా. నీకు ఓళిగలు తెచ్చింది."

ఎవరో నాకు అర్థమైంది. చనిపోయిన వాళ్లమ్మ వడ్లు దంచుతూ పాడిన పాట పాత క్యాసెట్టులో ఉంటే, గరగర పోయేటట్టు శుభ్రం చేసి ఫోన్లో వేసి ఇచ్చాను. ఆమె ఆ పాట నాయనకు వినిపించిందట. నాయన ఫోను చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, మొత్తం విన్నాడట.

"ఈ పనికి పేరేంది భాయ్ అని అడిగినాడు మీ నాయన. పేరు ల్యాదు పెద్దాయనా, అట్ల చేస్తాండాడు అంతే అన్నా. రెండు ఓళిగలు తిని పోయినాడు."

పదిహేను రోజుల తర్వాత, నంద్యాల గుడికి నందిని దించడానికి వచ్చిన లారీలో నాయన కూడా వచ్చాడు. గోనెపట్టాలో చుట్టిన రాయి నా గది ముందు దించి, విప్పాడు. బోర్డు కోసం నేను ఏ మాటా చెప్పలేదు, ఆయన మళ్లీ అడగలేదు. అప్పుడు మూలకు జరిపిన నల్లరాయి మీదే, ఆయన చెక్కే నంది మెడ గంటలంత గుండ్రంగా, నాలుగు అక్షరాలు కూడా కాని ఒక మాట ఉంది.

ఉండాడు.

ఆళ్లగడ్డ షెడ్డులో అన్నేళ్లు నన్ను పొడిచిన మాటే అది. ఇప్పుడు వేళ్లతో తడుముతుంటే ఎక్కడా గుచ్చుకోవడం లేదు.

"అందురూ అడిగేది అదే గదరా," అన్నాడు నాయన, సిమెంటు కలుపుతూ. "ఆ దినం పొద్దుమూకులు ల్యాడు, ల్యాడు అని చెప్పి నా నోరు నొచ్చింది."

"నేను గదిలో లేనప్పుడు ఎట్ల నాయనా? అబద్ధమైపోతాది గదా."

"లేకుంటే యాడికి పోతావ్? నంద్యాల అంతా నువ్వే అరుస్తాంటావు," అన్నాడు. గోడకు బిగించే ముందు అలవాటు కొద్దీ సుత్తితో ఒకసారి తట్టి, నన్నూ వినమన్నాడు.

మొన్న కొత్తాయన ఒకరు హార్మోనియం మోసుకుని వచ్చాడు. బోర్డు కింద ఆగి, పైకి చదివి, లోపలికి తొంగి నన్ను చూసి అడిగాడు.

"ఉండాడా?"

"ఉండాడు," అన్నాను.