డిపెండెంట్ కార్పొరేటర్

మా ఆయనకు రెండేళ్ల జైలుశిక్ష పడ్డ రోజు మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. సాయంత్రానికల్లా బెయిలు మీద ఇంటికొచ్చి చికెన్ వండమన్నాడు. నీళ్ల ట్యాంకర్ దగ్గర కొట్లాటలో ఒకాయన తల పగలగొట్టిన కేసు అది. పై కోర్టుకు పోయాం. అసలు ఏడుపు కార్పొరేషన్ ఎన్నికలప్పుడు మొదలైంది. శిక్ష పడ్డవాడు నిలబడరాదన్నాడు వకీలు. అవతలివాడి మీదా కేసులున్నాయి కదా అంటే, అవి ఇంకా తేలలేదు కాబట్టి అడ్డం లేదన్నాడు.

"మన కేసే గింత జల్ది ఎందుకు తేలింది సార్?" అని మా ఆయన నిజంగానే బాధపడ్డాడు.

గోదావరిఖనిలో ఇలాంటిదానికి మందు అందరికీ తెలుసు. బొగ్గుబాయిలో పనిచేసేవాడు మెడికల్ అన్‌ఫిట్ అయితే ఆ నౌకరి ఇంట్లో డిపెండెంట్‌కు వస్తుంది. మా మామకు చూపు పోతే ఆయన పెద్దకొడుక్కు, అంటే మా బావకు, అట్లాగే వచ్చింది.

"నేను అన్‌ఫిట్ అయిన. నువ్వు డిపెండెంట్‌వి. నామినేషన్ ఎయ్యి," అన్నాడు మా ఆయన, అన్నం కలుపుకుంటూ. నా ఇష్టం ఎవరూ అడగలేదు. ఇల్లిల్లూ తిరిగి దండం పెట్టింది మాత్రం నేనే. ఆడవాళ్లంతా "అన్న బాగున్నడా?" అని మా ఆయన గురించే అడిగారు. గెలిచాం. అంటే, నేను గెలిచాను.

ఇంటి ముందుగదిని ఆఫీసు చేశాం. పెద్ద కుర్చీలో ఆయన, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నేను. పేరుకు నేను, పెత్తనానికి ఆయన. నల్లా నీళ్లు రావట్లేదని ఎవరొచ్చినా "చూద్దాం" అనేవాడు. ఏ నీళ్ల కోసం తల పగలగొట్టాడో ఆ నీళ్లకే ఇప్పుడు చూద్దామట. నాకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు గది నిండా జనం ఉండగా మామ కర్రతో తడుముకుంటూ వచ్చాడు. ఉండబట్టలేక అడిగేశాను.

"మామా, అన్‌ఫిట్ అయినంక బావకు బదులు ఎన్నడన్న బాయిల దిగినవా?"

"దిగనిస్తరా బిడ్డా? గేటుకాడనే ఆపుతరు. అన్‌ఫిటోనికి లోపల ఏం పని?"

మా ఆయన గట్టిగా నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. మామ ముందుకొచ్చి పెద్ద కుర్చీలో ఉన్న మనిషి భుజం తట్టాడు.

"ఎవలు బిడ్డా నువ్వు? జర లే. అది మా కోడలు కూసునే కుర్చీ."

కొడుకని తెలిసే అన్నాడో, తెలియకన్నాడో నేను ఇప్పటికీ అడగలేదు. మా ఆయన లేచాడు. నేను కూర్చున్నాను. సంతోషంగా ఉంది. గుమ్మం దగ్గర నిలబడ్డామె బిందె కింద పెట్టి నా ముందుకొచ్చింది.

"అక్కా, మా గల్లీల నీళ్లస్తలేవు," అంది. అన్న ఎట్లున్నాడని అడగలేదు.