నిలువుగా ఊపిన తలకాయలు

ఒక్క మధ్యాహ్నంలో, ఒక్క తిట్టు మాట కూడా నోట రాకుండా, మార్కాపురం పలకల ఫ్యాక్టరీకీ బల్గేరియా దేశానికీ సంబంధాలు తెంపేయబోయిన ఘనురాలిని నేను. ఆయుధాలేమీ వాడలేదు. తొమ్మిది తలకాయలు వాడాను. అందులో ఒకటి మా నాయనది.

అప్పుడు నేను హైదరాబాదులో ఎంఏ అంతర్జాతీయ సంబంధాలు, మొదటి ఏడాది. మా తర్లుపాడులో ఆ చదువు పేరు చెప్పుకుని తిరగడం కష్టం. "సంబంధాలు చూసే చదువా? మా పిల్లోడికి ఒకటి చూడు తల్లీ, మరీ దూరం వద్దు, కంభం దాటొద్దు" అనేవాళ్లు చర్చి దగ్గర ఆడవాళ్లు. నాకు ఒళ్లు మండేది. బాల్కన్ దేశాల విదేశాంగ విధానం మీద ఇరవై పేజీల పేపర్ రాసి, 'చక్కని పరిశీలన' అని ప్రొఫెసర్ చేత అనిపించుకున్నదాన్ని, నన్ను పెళ్లిళ్ల పేరమ్మను చేస్తారా!

నన్ను నమ్మింది ఒక్క నాయనే. ఆయన ఫ్యాక్టరీలో ప్యాకింగ్ షెడ్డు మనిషి. గోడలకూ నేలకూ పరిచే ప్రతి పలకరాయినీ చెక్కపెట్టెలోకి సర్దే ముందు వేలి కణుపుతో తట్టి వింటాడు. మంచి రాయైతే ఖంగుమంటుంది. లోపల పగులుంటే డొల్లగా మోగుతుంది. ఇరవై ఏళ్లుగా అదే పని.

ఆ వేసవి సెలవుల్లో బల్గేరియా నుంచి ఒక కొనుగోలుదారు వస్తున్నాడని కబురొచ్చింది. ఈ ఆర్డరు కూడా రాకపోతే ప్యాకింగ్ షెడ్డు మూసేస్తానని ఓనరు రమణయ్యగారు ముందే చెప్పేశారు. అంటే నాయన పని పోతుంది, ఆయనతోపాటు ఇంకో ఏడుగురిది. అప్పుడు నాయన నిలబడి అన్నాడట: "మా పాప దేశదేశాల సంగతులు చదువుతాంది సార్. ఇంగ్లీషు గూడా వచ్చు. పిలిపిస్తా."

పిలిచారు. బల్గేరియా అని వినగానే నేను ఎగిరి గంతేశాను. బాల్కన్ కదా, నా ఇరవై పేజీల్లోని దేశమే కదా! ముందురోజే వెళ్లి షెడ్డు మొత్తాన్ని వరసగా నిలబెట్టాను.

"వచ్చే ఆయన యూరప్ మనిషి. మనం మాటకు ముందు తల అట్లా ఇట్లా ఊపుతాం చూడండి, అది వాళ్లకు 'కాదు' అన్నట్టు. అవునంటే పైకీ కిందికీ ఊపాలి. ఏదీ, ఊపండి."

"ముప్పై ఏళ్లు అడ్డంగా ఊగిన తలకాయ ఇప్పుడు నిలువుగా ఎట్ల ఊగుద్ది పాపా?" అంది రాహేలత్త. పాలిష్ పట్టే మనిషి. ఊపినప్పుడల్లా కొంగు జారి ముఖం మీద పడేది.

"ప్రాక్టీసు చెయ్యి అత్తా. ఇది ప్రోటోకాల్."

"ప్రోటోకాలో పోలియో చుక్కలో, నా మెడ పట్టేసింది పో."

నాయన మాత్రం అందరికన్నా శ్రద్ధగా, రేవు పడవలా పైకీ కిందికీ ఊపాడు. ఆ దృశ్యం గుర్తొస్తే ఇప్పటికీ నాకు సిగ్గు.

మర్నాడు ఆయన వచ్చాడు. పేరు పెట్కోవ్. అయిదు నిమిషాల్లో షెడ్డులో అందరికీ పాలకోవా గారైపోయాడు. మంచి మనిషి, మితభాషి, దేశం దాటడం అదే మొదటిసారట. రమణయ్యగారు నల్లరాయి చూపించారు. ఆయన కాసేపు నిమిరి, తల అడ్డంగా ఊపాడు.

"ఏమంటుండాడమ్మా?"

"నచ్చలేదు సార్."

పచ్చరాయి తెప్పించారు. అడ్డంగా ఊపాడు. రాగిరంగు రాయి తెప్పించారు. ఇంకా గట్టిగా ఊపాడు.

"ఇది అసలే నచ్చలేదు సార్," అన్నాను నిపుణురాలిలా.

రమణయ్యగారు తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. నాయన నా పక్కకు జరిగి మెల్లగా, "పాపా, ముఖం చూడు. నచ్చినట్టే ఉండాది" అన్నాడు. "నాయనా, నువ్వుండు. నేను చదివింది ఇదే" అన్నాను. చూశారా పొగరు!

తర్వాత పెట్కోవ్ మావాళ్ల వైపు తిరిగి, ఈ మందంలో రాయి ఏడాది పొడుగునా ఇవ్వగలరా అని అడిగాడు. నేను తెలుగులో చెప్పాను. నాతో కలిపి తొమ్మిది తలకాయలూ పైకీ కిందికీ ఊగాయి. ఆయన ముఖం పాలిపోయింది. పగులు రాళ్లు ఏరేస్తారా అన్నాడు. ఇంకా ఉత్సాహంగా ఊపాం. తక్కువ మాట్లాడినవాడే గొప్ప దౌత్యవేత్త అని క్లాసులో చెప్పారు కాబట్టి నేను కూడా నోరు తెరవకుండా రాజగాంభీర్యంతో ఊపాను. రాహేలత్త కొంగు రెండుసార్లు జారింది.

పెట్కోవ్ బ్యాగు మూసేసి లేచాడు.

"ఏంది, పోతుండాడా?" రమణయ్యగారు నా వైపు తిరిగారు. "ఏం చెప్పినావమ్మా ఆయనకు?"

"ఏమీ చెప్పలేదు సార్!" నిజంగా ఏమీ చెప్పలేదు. అదే కదా కొంప ముంచింది.

ఎనిమిది మంది పని ఆ గుమ్మం వైపు నడుస్తోంది. నా ఇరవై పేజీల్లో ఏ పేజీ గుర్తుకు రావడం లేదు. అప్పుడు నాయన ఒక పలక ఎత్తి, పెట్కోవ్‌కి ఎదురుగా వెళ్లి, వేలి కణుపుతో తట్టాడు. ఖంగ్.

పెట్కోవ్ ఆగాడు. బ్యాగు కింద పెట్టి, ఆ పలక తీసుకుని, తనూ వేలి కణుపుతో తట్టి చెవి ఆనించాడు. ఖంగ్. నాయన పగులు రాయి ఒకటి తట్టి చూపించి, దాన్ని అవతల పారేశాడు. మళ్లీ మంచి రాయి అందించాడు. ఆ సంబరంలో నా ప్రోటోకాల్ మరిచిపోయి, మనందరి మాదిరే తల అడ్డంగా ఊపాడు.

పెట్కోవ్ కళ్లు పెద్దవయ్యాయి. తనూ అడ్డంగా ఊపాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఊపుకుంటూ, నవ్వుకుంటూ!

"ఈయన ఊపేదానికి అర్థమేమిటి?" అని నన్నడిగాడు.

"అవును అని," అన్నాను నీరసంగా.

"మాకూ అంతే! నిలువుగా ఊపితేనే కాదని. మరి ఇందాక మీరంతా ఎందుకు కాదన్నారు?"

బాల్కన్ మీద ఇరవై పేజీల్లో నేను రాయనిది ఈ ఒక్క ముక్కే. ఆర్డరు వచ్చింది. షెడ్డు నిలిచింది. "మెడనొప్పి మాత్రం నీ లెక్కే పాపా" అంది రాహేలత్త.

ఆటోలో ఇంటికొస్తూ ఏడ్చాను. "నువ్వు నాకోసం మాటిచ్చినావు. నేను నీ పని పోగొట్టేదాన్ని నాయనా."

"పోలేదు గదా. పుస్తకంలో తలకాయలుండవమ్మా, మనుషులకుంటాయి. ఊరికే ఏడవబాక. ఎల్లి బాగా చదువుకో."

తిట్టి ఉంటే మరిచిపోయేదాన్నేమో. ఆ మాటకు నేను ఈ రోజుకీ రుణపడి ఉన్నాను. చివరి ఏడాది ప్రాజెక్టు మా మార్కాపురం రాయి మీదే చేశాను. అది ఏ రేవు మీదుగా ఏ దేశం పోతుందో, ఎవరికి ఏ రంగు ఇష్టమో నాయన చెబుతుంటే నేను రాసుకున్నాను. పట్టా నా పేరు మీద ఇచ్చారు. ఆయన పేరు కూడా వేయాల్సింది.

పట్టా తెచ్చిన రోజున ఆయన ముందు నిటారుగా నిలబడి ప్రమాణం చేశాను: "భూమండలం మీద ఏ దేశపు తలకాయకూ, ముఖ్యంగా మా నాయన తలకాయకూ, ఎటు ఊగాలో ఇక జన్మలో నేర్పను."

నాయన దగ్గరికొచ్చి, వేలి కణుపుతో నా నెత్తి మీద తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"ఏమంటాంది నాయనా?"

"అప్పుడు కొంచెం డొల్లగా ఉండేది పాపా," అన్నాడు తల అడ్డంగా ఊపుతూ. "ఇప్పుడు పెట్టెలో సర్దొచ్చు."