అడ్డంగా ఊగిన దీపం

నా మాటల్ని నీ బడి భాషలోకి దిద్దుకుంటే దిద్దుకో బిడ్డా, ఎవరేమన్నారో అది మాత్రం అన్నట్టే రాయి.

మొన్న ఆదివారం సాయంత్రం మన కాలనీ క్లబ్బుకు పట్నం నుంచి ఒకడొచ్చాడు. ఒక్కడే నిలబడి పది మంది గొంతులు పలికిస్తాడట, కడుపుబ్బ నవ్విస్తాడట. ఆ పది గొంతులూ విన్నాను. తాగుబోతు, సూపర్‌వైజరు, అత్త, అన్నీ ఒక్క తీరే. వాడు ఆడగొంతు పెడితే తోక తొక్కిన పిల్లి నయం. గని కార్మికుడి వేషమని ముఖం నిండా కాటుక పూసుకున్నాడు. గోదావరిఖని దాకా వచ్చి బొగ్గు దొరకనట్టు కాటుక తెచ్చుకున్న మనిషి వాడొక్కడే.

నేను నవ్వలేదు. నేను నవ్వకపోతే మీ తాతా నవ్వడు. డ్రిల్లు మిషన్ పట్టీ పట్టీ ఆయన చెవులు పోయాయి కదా. ఆ సంగతి మన ఇల్లు దాటనీయడు. పెళ్లికి పోయినా, చావుకు పోయినా నా ముఖం చూస్తాడు. నేను నవ్వితే నవ్వుతాడు, నేను తలాడిస్తే తలాడిస్తాడు. ఈ ముక్క ఎవరికీ చదివి వినిపించకు.

ముందు వరుసలో కూర్చోవడమే మా పొరపాటు. వాడు లైటున్న టోపీ పెట్టుకుని మీ తాతకు చెయ్యి ఊపాడు.

"తాతా, మీదికి రా. ఇద్దరం ఒక స్టెప్పేద్దాం."

చెయ్యి కనబడింది కాబట్టి ఆయన లేచి నడిచాడు. అంతలో వాడు తాగినవాడిలా తల అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టాడు, తలతో పాటు టోపీ మీది లైటూ ఊగింది. మీ తాత అక్కడే ఆగిపోయాడు. గనిలో మిషన్ల మోతకు మాట వినబడదు బిడ్డా, దీపమే మాట. అడ్డంగా ఊగితే ఆగమని, నిలువుగా ఊగితే రమ్మని. ఆగమన్నాక అడుగేసిన వాళ్లు కొందరు ఇంటికి రాలేదు.

"ఏం తాతా, చార్జింగ్ అయిపోయిందా?" అన్నాడు వాడు, ఇంకా ఊపుతూనే. హాలంతా నవ్వింది. ఆయన దీపం మీద నుంచి చూపు తిప్పడం లేదు. ఇక నా ముఖమేం చూస్తాడు?

వెనక నుంచి ఎవడో అన్నాడు, "కాకకు చెవులు వినవడ్తలెవ్వా ఏంది?"

నేను లేచి నిలబడ్డాను.

"చెవులు మంచిగనే ఉన్నయి. గీయన ముచ్చట్లు వినబుద్ధి అయితలేదు, గంతే," అన్నాను.

అప్పుడు చూడాలి నవ్వులు. వాడు అంతసేపూ తన్నుకున్నా రాని నవ్వులు. ముఖం మాడ్చుకుని తల ఊపడం ఆపాడు. నేను ఫోన్ లైటు వేసి, మీ తాతకు కనబడేటట్టు కిందికీ మీదికీ ఊపాను. ఆయన స్టేజీ వంక మళ్లీ చూడకుండా నా దగ్గరికి నడిచొచ్చి కూర్చున్నాడు.

"ఏమన్నడే వాడు? అందరు నవ్వవట్టిరి," అని చెవిలో అడిగాడు. చెవిలో అనుకున్నాడు గానీ రెండు వరుసలకు వినబడే ఉంటుంది.

నేను వాడి వైపు వేలు చూపించి, చెయ్యి తిప్పేసి, ఏమీ లేదన్నాను. తర్వాత నా వైపు వేలు చూపించుకుని నవ్వాను.

నా ముఖం చూసి అప్పుడు నవ్వాడు మీ తాత.